చాప మీద ముందు కూర్చోవాల్సింది ఎవరు?

 

కారంపూడి వీరుల గుడి వీడియో చూసినవాళ్ల కోసం, అందులో టైం సరిపోక వదిలేసిన ఒక మాట ఇక్కడ రాస్తున్నాను.

ఈమధ్య ఏ గ్రూపులో చూసినా ఒకటే మాట: "ధర్మం మళ్లీ లేవాలి." చర్చికి వెళ్లే మన ఫ్రెండ్స్ ఇలాంటిదాన్నే ఉజ్జీవం అంటారు. పేరు ఏదైనా, ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నడిపించేవాళ్లు సిద్ధంగా ఉన్నారా?

పల్నాడు ఈ ప్రశ్నని 12వ శతాబ్దంలోనే ఎదుర్కొంది. బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. దేవుడి ముందు అందరూ సమానమే అని చెప్పి ఊరుకోలేదు. చాప పరిచి, అన్నం కలిపి పోసి, అన్ని కులాలవాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి తానూ తిన్నాడు. అదే చాపకూడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకుగా చూసుకుని, సేనని ఆయన చేతిలో పెట్టాడు. పెద్దవాడు ఏది చేస్తే లోకం అదే చేస్తుందని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది ఇదే కదా!

కానీ కథ అక్కడితో ఆగదు. అంత పెద్దమనిషీ నాయకురాలు నాగమ్మతో కోడిపందేనికి ఒప్పుకున్నాడు. ఓడిపోయాక తన పక్షంవాళ్లంతా ఏడేళ్లు ఊళ్లు వదిలి బతికారు. తిరిగొచ్చి రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు చనిపోయాడు. చివరికి నాగులేరు ఒడ్డున, ఇదే కారంపూడిలో, బాలచంద్రుడి లాంటి పిల్లలు నేలకొరిగారు. ఒక్క పంతానికి ఎంత ఖరీదో చూడండి.

అంటే చాప మీద కూర్చున్న మనసు పందెం బరి దగ్గర కూడా అలాగే ఉండాలి. సిద్ధపడటం ఒక్కరోజు పని కాదు, రోజూ చేయాల్సిన సాధన.

మనం కోడ్‌ని ప్రొడక్షన్‌కి పంపేముందు మన మెషీన్‌లో రన్ చేసి చూస్తాం. భజన బృందం నడిపేవాళ్లు, గుడి కమిటీల్లో ఉన్నవాళ్లు, మాలాగా ఛానెల్ పెట్టినవాళ్లు కూడా అంతే. ఇంట్లో పనిచేసే అక్కకి టీ గ్లాసు వేరుగా పెడుతూ, మైకులో సమానత్వం చెప్తే అది ఎవరికి ఎక్కుతుంది? మనల్ని ఎవరైనా కాదంటే వెంటనే పంతానికి దిగుతున్నామా? మన వెనక నడిచేవాళ్లకి ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచిస్తున్నామా?

ఏటా కార్తీక అమావాస్యకి మొదలయ్యే ఆ ఐదు రోజుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అన్నీ జరుగుతాయి. చాపకూడూ ఉంది, కోడిపోరూ ఉంది. పల్నాడు తన నాయకుడి గొప్పతనాన్నీ, పొరపాటునీ రెండింటినీ దాచకుండా గుర్తుపెట్టుకుంది.

వీలైతే ఈసారి కారంపూడి వెళ్లి ఆ పంక్తిలో కూర్చోండి. వెళ్లలేకపోతే ఈ ఆదివారం మీ ఇంట్లోనే ఒక చాప పరచండి. ఇన్నాళ్లూ గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడిన మనిషిని లోపలికి పిలిచి, పక్కన కూర్చుని తినండి.

చెన్నకేశవుడు మనందరికీ ఆ మనసు ఇవ్వాలి. శుభం.