ఇంజన్ తేల్చుకునే ముందు

తిరుపతి

చిన్నోడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, ఆర్సీ కాగితాలు అన్నీ చూశాను. బొలెరో పికప్పులు మూడు: 2015 నాటిది ఒకటి, 2018 నాటిది ఒకటి, 2021 నాటిది ఇంకొకటి. మీ బావ చెప్పిన సీఎన్‌జీ చిన్న బండి కూడా చూశాను. వీటిలో ఏ ఇంజన్ మంచిదో ఒక్క మాటలో చెప్పమన్నావు. చెప్పొచ్చు. కానీ ఫోనులో నువ్వన్న మూడు మాటలు నాకు నిద్ర పట్టనివ్వలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. "డెబ్బై క్రేట్లు వేసినా ఘాట్‌లో లాగాలి" అన్నావు. "ఫిల్టరు పీకేసిన బండి, ఇంక తలనొప్పి ఉండదంట" అన్నావు. "పేరు మార్పించుకునేది తర్వాత చూసుకుందాం" అన్నావు. మూడింటిలోనూ మిగిలే డబ్బు నీది, తగిలే దెబ్బ ఇంకొకరిది. అట్లాంటి మిగులు మన ఇంట్లోకి రాకూడదు నాయనా. ఏ ఇంజన్ కొనాలో అక్కడినుంచే ఆలోచించాలి.

ముందు లోడు సంగతి. ఆర్సీ తీసి రెండు అంకెలు చూడు. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎంత మిగులుతుందో అంతే నువ్వు వేయదగ్గ సరుకు. ఈ పికప్పుల్లో రకాన్ని బట్టి అది 1,300 కిలోలూ ఉంటుంది, 1,700 కిలోలూ ఉంటుంది. 1,300 కిలోల బండే అనుకో. నువ్వూ, పక్కన కూర్చునే రైతూ కలిసి 140 కిలోలు అందులోనే పోతారు. మిగిలింది 1,160. టమోటా క్రేటు ఒక్కోటి ముప్పై కిలోలు తూగితే 38 క్రేట్లు పడతాయి. నువ్వు చెప్పిన డెబ్బై క్రేట్లు 2,100 కిలోలు. ఆ తేడా ఎంతో నువ్వే చూసుకో.

ఇంజన్ లాగదని నేను అనడం లేదు. 2,523 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో ఉన్న డీజిల్ ఇంజన్ అది. తక్కువ వేగంలోనే బలం చూపించే రకం. డెబ్బై క్రేట్లు వేసినా మూలుగుతూ ఎక్కుతుంది. ఎక్కించడం ఇంజన్ పని, దింపడం బ్రేకుల పని. మీరు మదనపల్లె నుంచి తిరుపతికి రావాలంటే భాకరాపేట ఘాట్ దిగాలి. ఆ మలుపుల్లో ఆపకుండా బ్రేకు తొక్కుతూ వస్తే వెనక డ్రమ్ములు కాలిపోయి, లైనింగు పట్టు వదిలేస్తుంది. పెడల్ కాలి కింద ఉంటుంది గానీ బండి ఆగదు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు ఆ ఘాట్‌లోనే లోయలో పడింది. ఆ దారిలో ఎదురుగా వచ్చేవాళ్లలో బైకు మీద బిడ్డను కూర్చోబెట్టుకున్న తండ్రులుంటారు. నీ క్రేట్ల లెక్కతో వాళ్లకేం సంబంధం? చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000, ఎక్కువ సరుకు అక్కడికక్కడే దింపించాలి కూడా. నేను జరిమానాకు భయపడి చెప్పడం లేదు. లోడు తగ్గించుకోలేకపోతే ఒక ట్రిప్పు ఎక్కువ వెయ్యి. అది కుదరని బాడుగ ఒప్పుకోవద్దు.

ఇక ఇంజన్లు. 2015 బండిది మెకానికల్ పంపు. మీ గుర్రంకొండలో ఏ షెడ్డుకు తోలుకుపోయినా విప్పి బిగించే మనిషి దొరుకుతాడు. కంప్యూటర్ పెట్టాల్సిన పని లేదు. మా కాలపు మెకానిక్కులందరికీ ఆ ఇంజన్ అంటే ప్రాణం, నాక్కూడా. అయినా నీకు దాన్ని కొనమని చెప్పను. ఎనిమిదేళ్లు దాటిన బాడుగ బండికి ప్రతి ఏడూ ఫిట్‌నెస్ చేయించాలి. గ్రీన్ ట్యాక్స్ వేరే. పదేళ్లు టమోటా తోలిన ఇంజన్ బోరుకు రాకుండా ఉండడం అరుదు. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించి, పంపు క్యాలిబ్రేషన్ చేయిస్తే, తక్కువ ధరకు వచ్చిందన్న సంతోషం అక్కడికే సరి.

2018 బండిది కామన్ రైల్. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 పొగ నిబంధనలు వచ్చాక ఈ పికప్పుల్లో ఇదే నడిచింది. డీజిల్ ఒకే గొట్టంలో గట్టి ఒత్తిడితో నిలిచి ఉంటుంది. ఎప్పుడు, ఎంత చల్లాలో కంప్యూటర్ ఇంజెక్టర్లకు చెబుతుంది. అందువల్ల శబ్దం తక్కువ, పొగ తక్కువ, మైలేజీ కొంచెం మెరుగు. దీనికి శత్రువులు రెండు: నీళ్లు, కల్తీ. కిరోసిన్ కలిసిన డీజిల్ పోయిస్తే పాత పంపు దగ్గి ఊరుకుంటుంది, ఇది ఇంజెక్టర్లనే తినేస్తుంది. ఎక్కడో రెండు రూపాయలు తక్కువని క్యాన్లలో అమ్మే డీజిల్ జోలికి పోనని నాకు మాటిస్తేనే ఈ ఇంజన్ కొను.

మైలేజీ గురించి చాలా అడిగావు. లెక్క వేసి చూపిస్తాను. నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుతావనుకో. లీటరుకు 12 ఇచ్చే బండికి 250 లీటర్లు కావాలి, 14 ఇచ్చేదానికి 214. తేడా 36 లీటర్లు. లీటరు 97 రూపాయలనుకున్నా మూడున్నర వేలు దాటదు. ఆ మూడున్నర వేల కోసం ఇంజన్ ఎంచుకుని, ఒక ఇంజెక్టరు పోయిన నెలలో అప్పు చేసినవాళ్లను నేను షెడ్డులో చాలామందిని చూశాను. మైలేజీ చూడు, కానీ చివర చూడు.

2021 బండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. డీజిల్ కార్లకైతే కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి దాకా ఒప్పుకున్న హద్దును ఒక్కసారిగా నాలుగున్నరకు దించారు. బంకుల్లో పోసే డీజిల్‌లో గంధకాన్ని కూడా పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గించారు. అంత మసిని ఆపేది సైలెన్సరు దారిలో ఉన్న ఫిల్టరు. అందులో సన్నటి గదులుంటాయి, మసి అక్కడ చిక్కుకుంటుంది. బండి కొంతసేపు ఒకే వేగంతో పోయినప్పుడు ఫిల్టరు ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కి ఆ మసి కాలిపోతుంది. ఇదంతా దానంతటదే జరుగుతుంది, హైవే మీద తిరిగే బండికి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది మీలాంటి వాళ్లకే. తోటలోంచి మట్టిదారిలో ఫస్టు గేరులో రావడం, మండీ గేటు ముందు ఇంజన్ ఆపకుండా గంటలు గంటలు క్యూలో నిలబడడం. ఫిల్టరుకు మసి కాలేంత వేడి అందదు. మసి నిండుతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ఆ లైటు చూడగానే బండిని హైవే మీదికి తీసి ఇరవై నిమిషాలు ఆపకుండా తోలితే చాలాసార్లు సరిపోతుంది. చూసీ చూడనట్టు తిరిగితే ఇంజన్ బలం తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు, ఫిల్టరు లోపల ఖాళీ చేసేయమని, కంప్యూటర్‌లో ఆ లైటు రాకుండా చేయిస్తామని. నువ్వు చూసిన 2021 బండి ఓనరు చేసింది అదే. పైగా అది బండి గొప్పదనమన్నట్టు నీకు చెప్పాడు.

ఆ బండి కొనొద్దు. కంపెనీ ఇచ్చిన బండిని అట్లా మార్చడం చట్టవిరుద్ధం అన్న సంగతి ఒకటి, మళ్లీ ఫిల్టరు పెట్టించాలంటే నువ్వు తట్టుకోలేనంత ఖర్చన్నది ఇంకొకటి. నాకు ఈ రెండింటికంటే పెద్దది మండీలో బండి వెనక నిలబడే మనిషి. నువ్వు రివర్సు పెడుతుంటే "రా, రా" అని చెయ్యి ఊపే హమాలీ ముఖం సరిగ్గా సైలెన్సరు పొగలో ఉంటుంది. తెల్లవారుజామునుంచి మధ్యాహ్నం దాకా వందల బండ్ల పొగ పీలుస్తాడు. డీజిల్ పొగ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. ఆ ఫిల్టరు అతని కోసం పెట్టింది. దాన్ని పీకడానికి ఓనరుకు ఏం హక్కుంది? 2018 బండి కూడా పొగ వదులుతుంది, ఫిల్టరు ఉన్న బీఎస్-6 కంటే ఎక్కువే వదులుతుంది. నేను కాదనను. కానీ దాని ఇంజెక్టర్లు బాగుండి, ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉండి, పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ మూసేయకుండా ఉంటే, తయారైనప్పటి హద్దులో ఉంటుంది. ఫిల్టరు చెక్కుచెదరని బీఎస్-6 బండి నీ చేతిలో ఉన్న డబ్బుకే దొరికితే, వారానికి రెండు మూడుసార్లు తిరుపతికో చిత్తూరుకో వస్తావు కాబట్టి, అదే కొనమనేవాణ్ని. అంత డబ్బు నీ దగ్గర లేదు.

సీఎన్‌జీ బండి మంచిదే, మీ బావ చెప్పింది అబద్ధం కాదు. తిరుపతిలో వాటర్ క్యాన్లో, కిరాణా సరుకో తిప్పేవాడికి అది సుఖం. సిలిండరు బరువుకు కొంత సరుకు తగ్గుతుంది, మూడేళ్లకోసారి సిలిండరుకు టెస్టు చేయించాలి. గుర్రంకొండ తోటలకూ ఘాట్‌కూ అది తగదు.

కాబట్టి నా మాట 2018 బండి. అదీ ఈ పరీక్షలకు నిలబడితేనే.

నేను వచ్చేలోపే ఒకరోజు చెప్పకుండా తెల్లారే పో. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, నువ్వొస్తావని ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయ్. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి వెనక నిలబడు. నీలంగా పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లటి పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్డు గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకో. ఇంజన్ నడుస్తుండగానే ఆయిలు పోసే మూత తిప్పి తీసి, ఆ రంధ్రం మీదే బోర్లా పెట్టు. మూత అక్కడే కొంచెం వణికితే పరవాలేదు. ఎగిరి పడితే, మూత పక్కనుంచి పొగ బుసలు కొడితే, ఇంజన్ బోరుకొచ్చినట్టే, ఇంక బేరం అక్కర్లేదు. తర్వాత కింద పడుకుని వెనక కమాన్ పట్టీలు చూడు. కంపెనీ వేసినవాటికంటే ఎక్కువ పట్టీలుంటే, పట్టీలు బిగించే చోట ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చలుంటే, ఆ బండి ఓవర్‌లోడు మీదే బతికింది. మీటరు తిప్పేసి ఉండొచ్చు, ఛాసిస్‌ను తిప్పలేరు.

ఇంజెక్టర్ల పరీక్ష మాత్రం నేను వచ్చి చేస్తాను. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి, నాలుగు గాజు సీసాల్లో పెట్టి, కాసేపు ఇంజన్ నడిపిస్తాను. నాలుగు సీసాల్లోనూ డీజిల్ దాదాపు ఒకే మట్టంలో నిలిస్తే మంచిది. ఒకదాంట్లో ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టరు పోతోందని అర్థం, దాని ఖరీదు ధరలో తగ్గించమని మర్యాదగా అడుగుదాం.

ధర అనగానే ఒక మాట. ఆ బండి ఓనరు అప్పుల్లో ఉండి అమ్ముకుంటున్నాడని తెలిసి, ఇంకా ముప్పై వేలు కిందికి లాగాలని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంజెక్టరుకు తగ్గించు, అరిగిన టైర్లకు తగ్గించు. అతని కష్టానికి తగ్గించకు. మదనపల్లె మండీలో 2023 జులైలో కిలో టమోటా దాదాపు రెండు వందలు పలికింది. అదే మండీలో ధర పడిపోయి రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసి పోయిన రోజులూ నువ్వు చూశావు. అతను ఆ రెండో రకం రోజుల్లో చిక్కుకున్న మనిషి.

నువ్వు కూడా అందుకే జాగ్రత్తగా ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాడుగలు దండిగా ఉంటాయి, వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. సీజన్ లేని నెలలో పాలకో, దాణాకో తోలితే వచ్చే డబ్బుతో కట్టగలిగినంతే ఫైనాన్సు తీసుకో. మీ అమ్మ గాజులు ఈ లెక్కలోకి రావద్దు. ఆవిడ తనే ఇస్తానన్నా వద్దు.

పేరు మార్పు వాయిదా వేయడానికి నేను అస్సలు ఒప్పుకోను. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. బండి చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నువ్వు బండి తోలుతూ ఎవరికైనా తగిలిస్తే, అప్పు తీర్చుకోవడానికి బండి అమ్ముకున్న ఆ రైతు కోర్టుల చుట్టూ తిరగాలి. అమ్మిన రోజే ఫారం 29, 30 మీద సంతకాలు, అతని ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, ఫైనాన్సు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, అన్నీ తీసుకో. ఇన్సూరెన్సు కూడా నీ పేరు మీదికి మార్చాకే మొదటి లోడు ఎత్తు.

మంగళవారం పొద్దున మొదటి బస్సుకు వస్తాను. సీసాలు, పైపులు నేనే తెస్తాను. సోమవారం లోపల ఆ బండి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల ఫోటోలు నాకు పంపు. వెలిసిపోయిన జెరాక్సులు వద్దు, ఒరిజినల్‌వే తీసి పంపు. ఓనరుతో ఇంకేమీ బేరమాడొద్దు. సోమవారం రాత్రి బండి తోటలోనే నిలిపి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని మాత్రం చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న