ఓనరు లేని జ్ఞాపకం

మా దేవస్థానంలో శాశ్వత పూజల రిజిస్టరు కంప్యూటర్‌లోకి ఎక్కి చాలాకాలమైంది. ఒకసారి సొమ్ము కడితే చాలు, దాత కోరిన తిథినాడు ఏటా ఆయన గోత్రనామాలతో అర్చన జరగాలి. కట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల పేరు, గోత్రం, నక్షత్రం, తిథి అన్నీ ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఆ పోస్ట్‌గ్రెస్ నడిచేది డాకర్ కంటెయినర్‌లో. దాన్ని కనిపెట్టుకుని ఉండేదాన్ని నేను.

కొత్తగా డాకర్ నేర్చుకున్న ప్రతివాడూ గీత రెండో అధ్యాయం ఎత్తుకుంటాడు. కంటెయినర్ శరీరమట, డేటా ఉండే వాల్యూమ్ ఆత్మట. పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు డేటా కంటెయినర్లు మారుస్తుందట. వినడానికి బాగానే ఉంటుంది గానీ నాకు ఎక్కదు. కంటెయినర్ మాటవరకు నిజమే. ఇమేజ్ నుంచి చిటికెలో పుడుతుంది, తీసేస్తే పోతుంది, విడిగా ఉన్న వాల్యూమ్‌ని ఇంకో కంటెయినర్‌కు తగిలిస్తే పని సాగిపోతుంది. కానీ గీతలో ఆత్మకు మార్పు లేదు. మా వాల్యూమ్ కౌంటర్‌లో రసీదు తెగినప్పుడల్లా మారుతుంది. ఎవరి గోత్రంలోనో అక్షరం దిద్దితే పోస్ట్‌గ్రెస్ పాత వరసను చెరిపి రాయదు. కొత్త వరస ఇంకోచోట రాస్తుంది, పాతది వాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా చచ్చి పడి ఉంటుంది. లోపల ఇన్ని చావుపుట్టుకలు పెట్టుకున్నదాన్ని ఆత్మ అంటే శంకరులు ఒప్పుకుంటారా?

బ్యాకప్ దగ్గర ఆ పోలిక పూర్తిగా తెగిపోతుంది. రాత్రి గుడి కట్టేశాక, నడుస్తున్న కంటెయినర్‌లోనే పీజీ డంప్ అనే ప్రోగ్రాము ఆడుతుంది. అది ఫైళ్లు ఎత్తుకురాదు. మొదలైన క్షణానికి డేటాబేస్ ఎలా ఉందో ఆ చూపే చివరిదాకా పట్టుకుంటుంది. ఈలోగా ఎవరైనా కొత్త పేరు ఎక్కించినా దాని కంట పడదు. అది రాసిపెట్టేది ఒక ఆదేశాల చిట్టా: ఫలానా టేబుల్ కట్టు, అందులో ఈ వరసలు పొయ్యి, ఏ టేబుల్ దేనికి చుట్టమో ఆ బంధాలు ఆఖరున వెయ్యి. చచ్చిన వరసలు అందులోకి రావు. ఏ వరస డిస్కులో ఎక్కడ కూర్చుందో కూడా రాదు. రీస్టోర్ చేసినప్పుడు ప్రతి పేరూ కొత్తగా రాయబడుతుంది. పాతదాంట్లోంచి ఏదీ లేచి వెళ్లి కొత్తదాంట్లో కూర్చోలేదు.

ఫైళ్లకు ఫైళ్లే ఎత్తుకొచ్చే పద్ధతీ ఉంది, పీజీ బేస్‌బ్యాకప్ అని. ఈ రెంటి తేడా నాకు నాగార్జునకొండలో బాగా తెలిసింది. సాగర్ నీళ్లు ముంచకముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో కొన్నింటిని ఊడదీసి కొండమీదికీ అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. కొన్నింటికి నమూనాలు చేసి నిలబెట్టారు. మొదటిది బేస్‌బ్యాకప్, రెండోది డంప్. గైడు మాత్రం రెంటినీ ఒకే గొంతుతో చూపిస్తాడు.

డంప్ తియ్యగానే నిశ్చింతగా పడుకునే రోజులు 2017 జనవరి 31తో పోయాయి. ఆ రోజు గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరే తుడిచేశాడు. తీరా చూస్తే, రోజూ తీస్తున్నామనుకున్న డంపులు లేనేలేవు. డేటాబేస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాము 9.2. పొసగక ప్రతిసారీ ఆగిపోతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లూ చేరలేదు. ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒకటి దొరికి గట్టెక్కారు. అందుకే నేను నెలకోసారి ఖాళీ కంటెయినర్ లేపి, అందులోకి డంప్ పోసి, లెక్కలు సరిచూసి, తీసి పారేస్తాను.

అలా పోస్తుండగా ఒకసారి మా ప్రధానార్చకులు వచ్చారు. తర్కం చదువుకున్న మనిషి.

“అమ్మాయీ, ఇందులోకి వచ్చింది ఆ పేర్లేనా, వేరేవా?”

“అవే అనలేనండీ. వేరేవి అని కూడా అనలేను.”

“గుళ్లో కూర్చుని బౌద్ధం చెబుతున్నావే!” అని నవ్వారు.

నిజమే, అది మిళిందుడనే రాజుకు నాగసేనుడనే బౌద్ధ భిక్షువు ఇచ్చిన జవాబే. రాత్రి తొలిజాము దీపజ్వాల, కడజాము జ్వాల ఒకటీ కాదు, రెండూ కాదు. మామిడిపళ్ల దొంగ మాటా ఆయనదే: తోటవాడు నాటిన కాయ వేరు, నేను కోసిన పండు వేరు అంటే దొంగకు శిక్ష తప్పుతుందా? వస్తువు అదే కాకపోయినా బాకీ మాత్రం దాటి వస్తుంది. శాశ్వత పూజకు కావలసింది అంతేనని నా వాదన.

“ఒకడు చూసింది ఇంకొకడు తలుచుకోలేడమ్మా. జ్ఞాపకం ఉందంటే దానికో మనిషి ఉండాలి” అన్నారాయన.

సరిగ్గా అప్పుడే తెరమీద ఎర్రర్లు. ఫలానా రోల్ లేదు, ఫలానా రోల్ లేదు. రోల్ అంటే యూజరే. టేబుళ్ల ఓనర్లుగా ఉండే యూజర్లు ఒక్క డేటాబేస్‌కు చెందినవాళ్లు కారు, మొత్తం సర్వర్‌కు చెందినవాళ్లు. పీజీ డంప్ వాళ్లను తీసుకురాదు, పీజీ డంప్ ఆల్‌తో విడిగా తీసుకోవాలి. పరీక్షే కదా అని ఆ రోజు ఆ ఫైలు ముందుగా పొయ్యలేదు. అయినా పేర్లన్నీ వచ్చాయి. మర్నాటి అర్చనల జాబితా తప్పు లేకుండా ప్రింటయింది.

“చూశారా, ఓనరు లేకుండానే జ్ఞాపకం వచ్చేసింది” అన్నాను.

“మరి ఇప్పుడు ఆ టేబుళ్లు ఎవరివి?”

చూస్తే, రీస్టోర్ ఏ యూజర్‌తో నడిపానో ఆ యూజర్ పేరే అన్నిటిమీదా ఉంది. పోస్ట్‌గ్రెస్ ఏ టేబుల్‌నీ దిక్కు లేకుండా ఉంచదు. పాత ఓనరు లేకపోతే ఎక్కించినవాళ్లకే అంటగడుతుంది. ఇది ఆయన పక్షానికి బలమే. ఒప్పుకున్నాను కూడా. కానీ ఎవరో ఒకరు ఉండాలన్నంతవరకే అది బలం, ఆ పాతవాడే ఉండాలనడానికి చాలదు. దాతలు పోయారు, సొమ్ము పుచ్చుకున్న పాత ధర్మకర్తలు దిగిపోయారు, తొలి సంకల్పం చెప్పిన అయ్యవార్లూ లేరు. అర్చన ఆగలేదు కదా అన్నాను.

“బాకీ సంగతి సరేలే,” అన్నారు జాబితా మడిచి బొడ్లో దోపుకుంటూ, “ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతోంది మరి?”

“ఆ టేబుల్ మా డేటాబేస్‌లో లేదండీ.”