వినోదమునకైనను ద్యూతము తగునా?

ద్యూతమును నిందించుట మన గ్రంథములకు క్రొత్త కాదు. ఋగ్వేదము పదవ మండలమునందలి అక్షసూక్తము జూదరి తానుగా పలికిన విలాపము. అత్త ద్వేషించుచుండ, భార్య విముఖురాలై తొలగ, ఇక ఆడనని నిశ్చయించుకొనియు పాచికల చప్పుడు చెవిని బడినంతనే పరుగిడు వాని దైన్యము అందు కలదు. సభాపర్వమున ధర్మరాజు, అరణ్యపర్వమున నలుడు మనకు తెలిసినవారే. ఇల్లు గుల్ల చేసికొన్నవానిని చూపి ‘ఇది చెడ్డది’ యనుటకు పండితుడు అక్కరలేదు. కష్టమైన ప్రశ్న వేరొకటి కలదు. మనువు తొమ్మిదవ అధ్యాయమున ద్యూతప్రకరణము చివర, బుద్ధిమంతుడు వినోదార్థమై యైనను ద్యూతమును సేవింపరాదని చెప్పెను. ఆ ‘అయినను’ అను మాట యెందులకు? ఎవనికిని కీడు చేయక, పైసాపరకలతో ప్రొద్దుపుచ్చువానిని కూడ ఆయన యేల విడువడాయెను?

మహబూబాబాదు జిల్లా నర్సింహులపేటలో నాకు పరిచితుడైన యొక గృహస్థు ఈ ప్రశ్ననే నా ముందుంచెను. ఆయన కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున కంప్యూటరు ఉద్యోగి. శనివారము రాత్రి పనులన్నియు ముగిసిన పిదప ఒక గంటసేపు తెరమీద పోకర్ అను పేకాట ఆడును. ఒక సెంటు, రెండు సెంట్ల పందెములే. అంతకు మించిన బల్ల జోలికి పోడు. ఆరేండ్లుగా ఇదే క్రమము. చెప్పదగిన లాభము లేదు, నష్టమును లేదు. తలిదండ్రులకు పంపవలసినది నెల తప్పక పంపును, ఏకాదశినాడు ఉపవసించును. ‘దీంట్ల తప్పేమున్నది అయ్యగారూ? వాడు అండ్లనే తృప్తిగ ఉన్నడు గద’ అని తండ్రి యడిగెను. అడిగిన తీరులో కుమారుని వెనుక వేసికొనుట కలదు, లోపల నొక భయమును కలదు.

ఆ పిల్లవాడు మన రాష్ట్రమున నున్నచో ప్రశ్న వేరుగా నుండెడిది. ఇచ్చట 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, నైపుణ్యముతో నాడునదైనను అదృష్టముతో నాడునదైనను, ధనము పణముగా నుంచు ఆన్‌లైన్ ఆటలన్నింటిని దేశమంతట కూడదన్నది. ఆడువానికి గాక ఆడించువానికి, దానిని ప్రచారము చేయువానికి అందు శిక్ష విధించిరి. న్యూజెర్సీలో నన్ననో, 2013 నుండి ఈ ఆటకు ప్రభుత్వానుమతి కలదు. కావున అతడు చట్టమును మీరుట లేదు. మిగిలినది ధర్మవిచారము మాత్రమే.

‘ఇది జూదము కాదు, నేర్పుగల ఆట’ అని కొందరు సమాధానము చెప్పుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. సికింద్రాబాదులోని యొక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున, 1968 నాటి న్యాయనివేదికల కెక్కిన తీర్పునందు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో నాడు ఆటయని సుప్రీంకోర్టే చెప్పినది. పోకరునందును లెక్క కలదు, ఓర్పు కలదు, ఎదుటివాని మనస్సు నెరుగు నేర్పు కలదు. కాని నేర్పున్నంత మాత్రమున దోషము తొలగునా? శకునికి లేని నేర్పెవ్వరికి కలదు? నలుడు ఋతుపర్ణునివలన అక్షహృదయ విద్యను నేర్చిన పిదపనే పుష్కరుని గెలిచెను. నేర్పు గెలుపు నిచ్చునేకాని, గెలుచుట తగునా తగదా యని చెప్పదు.

వేరొక వైపున, ఆటయే దోషమందుమా? మన సంప్రదాయమున అట్లనుటకు వీలులేదు. జగత్సృష్టి భగవంతునకు లీలయని చెప్పు బ్రహ్మసూత్రమునకు భాష్యము వ్రాయుచు భగవద్రామానుజులు ఎంత చక్కని ఉపమానము నిచ్చిరో చూడుడు. సప్తద్వీపముల నేలు మహారాజు, కొరత యేదియు లేనివాడు, బంతి యాడును. ఎందులకు? ఆటకొరకే. వేరు ప్రయోజనము లేదు. తిరుమలలో హథీరాం బావాజీతో శ్రీనివాసుడు రాత్రులందు పాచికలాడెనని భక్తులు చెప్పుకొను కథ కలదు గదా! స్వామియే కూర్చుండి యాడిన ఆటను మనము పాపమనజాలము.

అట్లైన ఆ పిల్లవాడు పందెము లేకయే ఆడవచ్చును గదా యని నేనంటిని. దానికి అతడు తండ్రిద్వారా పంపిన సమాధానము బాగున్నది. పోకరునందు ఒక్కొక్కనికి రెండు ముక్కలు రహస్యముగా నిచ్చి, ఐదు ముక్కలు అందరికిని నడుమ పరతురట. తన ముక్కలు చాలవని తోచినవాడు పందెము విడిచి తొలగుటయే అందలి ముఖ్యమైన తెలివి. పోగొట్టుకొనునది ఏమియు లేనిచో ఎవ్వడును తొలగడు, ఆట చెడును. ఆ సెంటు ధనము కాదు, ఆటకు బిగి. ఈ మాటను నేనంగీకరించితిని. మన పిల్లలు గవ్వలో, చింతగింజలో ఒడ్డి ఆడుదురు. గెలిచిన గింజలను సాయంకాలము పారవేసి పోవుదురు. ఉద్యోగికి సెంటు చింతగింజతో సమానమే. పై బల్ల కనబడుచున్నను అచ్చటికి పోకుండుట సామాన్యమైన నిగ్రహము కాదు. పరీక్షిత్తు కలికి ద్యూతము, పానము, స్త్రీ, హింస యను నాలుగు స్థానముల నిచ్చినను, కలి యింకను కావలెనని యాచించి బంగారమును పొందెనని భాగవతము చెప్పును. ఉన్న బల్ల చాలుననుకొనువాడు ఆ కలికి లొంగనివాడే.

అయినను భాగవతముననే, మన జనగామ జిల్లా బమ్మెర గ్రామవాసి పోతనామాత్యుడు తెనిగించిన దశమస్కంధమున, రుక్మివధ కలదు. అనిరుద్ధుని పెండ్లికి భోజకటమునకు పోయిన బలరాముడు రుక్మితో పాచికలాడెను. పెండ్లివారి వినోదము. బలరామునకు ధనాశ యెక్కడిది? మొదట నూరు, తరువాత వేయి, పదివేలు; మూడింటను రుక్మియే గెలిచెను. కళింగరాజు పండ్లు బయటపెట్టి నవ్వెను. పిమ్మట పందెము లక్ష, ఆపై కోట్లు. గెలుపు బలరామునిదని ఆకాశవాణి పలికినను రుక్మి ఒప్పక గొల్లవారని హేళనచేసి హతుడయ్యెను. కళింగుని పండ్లును రాలెను. పందెమును నూరునుండి కోట్లకు పెంచినది ఆ నవ్వే యని నాకు తోచును. చిన్న పందెములో డబ్బు చిన్నదియేకాని, ఓడినవాని చిన్నతనము చిన్నది కాదు. మనువు ద్యూతమును గొప్ప వైరమునకు కారణమనుట ఇందులకే కాబోలు.

ఇక నన్ను ఎక్కువగా తొందరపెట్టినది వేరొక లెక్క. ద్యూతశాల నడపువానిని మన స్మృతులు సభికుడందురు. గెలుపు నూరును చేరినచో నూటికి ఐదు, తక్కువైనచో నూటికి పది సభికుడు తీసికొనవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించెను. కౌటిల్యుడును నూటికి ఐదనియే చెప్పెను. చిన్న పందెము మీదనే భాగమధికము, చూచితిరా! నేటి తెరమీది సభికుడును పందెపుసొమ్ములో తన భాగము తీయుచుండును. ఆడువారి సొమ్మే చేతులు మారును, బయటినుండి వచ్చునది లేదు, నడుమ సభికునికి పోవుచుండును. కావున ఆడువారందరి మొత్తము తరుగుచునే యుండవలెను. ఈ పిల్లవాడు ఆరేండ్లు సరిసమానముగా నున్నాడన్నచో, అతనిపై పడవలసిన ఆ తరుగును వేరెవ్వడో భరించుచున్నాడు. వాడెవడు? ఊరిలో రచ్చకట్టమీద ఆడినచో ఎవని యింట బియ్యము నిండుకొన్నవో అందరికి తెలియును. ‘ఇయ్యాలకు చాలు, ఇగ లేవు’ అని చెప్పు పెద్దవాడొకడుండును. తెరమీద పేరును నిజము కాదు, ముఖమును లేదు. అటు కూర్చున్నవాడు మరియొక తృప్తుడో, పై బల్లలలో సర్వము పోగొట్టుకొని కడపటి డాలరుతో క్రిందికి దిగినవాడో తెలియు ఉపాయము లేదు. పైని చెప్పిన తీర్పునందే, ఆడించువాడు పందెములవలన లాభము పొందుచున్నచో నేరము కావచ్చునని న్యాయమూర్తులు సూచించిరి. రమ్మీని సమర్థించువారు ఆ వాక్యము దాక చదువరు.

కాబట్టి అతనిని పాపి యనజాలను. అతని తృప్తి నిజమైనదే. ఆ సెంట్లనే నలుగురు స్నేహితులు ఒక యింట చాపమీద కూర్చుండి, సభికుడు లేక, ఒకరి ముఖమొకరు చూచుచు ఆడుకొన్నచో నా యాక్షేపములో సగము తొలగును. మనువు మాట అప్పటికిని నిలిచియే యుండును.

అతనిని నేనడిగినది ఒక్కటి. ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై ముప్పది పాశురములు నడచునపుడు, ఆ నెల శనివారముల గంటను కూడ విడువుమని. భోగినాటి రాత్రి తెర మరల తెరచుకొన్నను నాకు అభ్యంతరము లేదు. ఆ ముప్పది దినములలో దానిని ఎన్ని పర్యాయములు తలచుకొనెనో అతడు తండ్రికి చెప్పనక్కరలేదు, నాకును చెప్పనక్కరలేదు.