నీ హైయెస్ట్ ఎంతన్నా?

2014 వేసవిలో ఒక పొద్దున వైరా బస్టాండులో ఖమ్మం బస్సు కోసం నిలబడి, మా జట్టులో అందరికంటే బాగా బ్యాటింగ్ చేసే కుర్రాడితో "ఇవ్వాళ నువ్వు ఆడట్లేదురా" అన్నాను. వాడు కిట్ సర్దుకుని, తెల్లబట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కారణం అడిగాడు. "నీ ప్లేసులో వేసినోడు బౌలింగ్ కూడా చేస్తాడు, ఫీల్డింగ్ కూడా బాగుంటది" అన్నాను. వాడు కాసేపు బస్సు వచ్చే వైపు చూసి, మెల్లగా అడిగాడు: "నీ హైయెస్ట్ ఎంతన్నా?"

ఇరవై మూడు. అదీ ఊళ్లో జరిగిన టోర్నమెంటులో. మాతో ఆడేవాళ్లలో ఆ సంగతి తెలియనివాడు లేడు. పదేళ్లు ఆడాననే పేరే గానీ, అందులో సగం పన్నెండో మనిషిగా నీళ్ల సీసాలు మోయడంలోనే పోయింది. పెళ్లయ్యాక ఆట తగ్గించానని నన్ను మేనేజర్ని చేశారు. వాడికి జవాబు చెప్పలేదు. బస్సొచ్చింది, ఎక్కాం. వాడు ఎక్కలేదు.

2019 ఏప్రిల్లో ప్రపంచకప్ జట్టు ప్రకటించిన రోజు నాకు ఆ బస్టాండే గుర్తొచ్చింది. అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ని తీసుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అని మూడు కోణాలున్నాయని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పాడు. నేను చెప్పిన మాటే, కాస్త ఖరీదైన భాషలో. టోర్నీ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని మర్నాడు రాయుడు ట్వీట్ చేశాడు. ఇద్దరిదీ గుంటూరే. ప్రసాద్ 6 టెస్టులు, 17 వన్డేలు ఆడాడు. రాయుడు 55 వన్డేల్లో 47 సగటు. ఇక దేశమంతా ఒకటే ప్రశ్న: నువ్వెంత ఆడావని? ఆ కమిటీలో ఐదుగురూ కలిపి ఆడిన టెస్టులు 13 అని లెక్కలు తీశారు.

నాకు ఆ లెక్క నచ్చలేదు. నా చర్మం కాపాడుకోవడం కూడా అందులో ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆడడం, ఆడేవాళ్లని చూడగలగడం రెండు వేరే పనులు. ఆర్. శ్రీధర్ హైదరాబాద్ తరఫున 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచులాడిన ఎడమచేతి స్పిన్నర్, ఇండియాకి ఒక్కటీ ఆడలేదు. 2014 నుంచి 2021 దాకా కోహ్లీ, జడేజాల జట్టుకి ఫీల్డింగ్ నేర్పింది ఆయనే. క్యాచ్ పట్టించేటప్పుడు ఆయన స్కోరు ఎవరూ అడిగినట్టు లేదు.

ఇంకా విచిత్రమైన మనిషి బేస్‌బాల్లో ఉన్నాడు. మనకి పరాయి ఆట, అయినా చెప్పాలి. వాల్టర్ ఆల్‌స్టన్ చిన్న లీగుల్లో ఏళ్లకేళ్లు తిరిగాడు. పెద్ద లీగులో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, 1936లో. ఒక్కసారి బ్యాట్ పట్టాడు, స్ట్రైకవుట్ అయ్యాడు. ఫీల్డింగ్‌లో ఒక తప్పు కూడా చేశాడు. ఆ మనిషే 1954 నుంచి 1976 దాకా డాడ్జర్స్ మేనేజరు, నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిపించాడు. నన్ను పట్టుకున్నది ఆ నాలుగూ కాదు. ఆయన ఒప్పందాలన్నీ ఒక్కో ఏడాదివే, ఇరవై మూడు. (నా హైయెస్టూ ఇరవై మూడే. దానికి అర్థం లేదు, నవ్వొచ్చింది అంతే.) అంటే ఆయన్ని నువ్వెంత కొట్టావని ఎవరూ అడగలేదు, ఈ ఏడు ఏం చేశావని ప్రతి ఏడూ అడిగారు.

ఇక్కడిదాకా నా వాదన బాగానే నడుస్తుంది. చిక్కల్లా తీసేసినవాడి దగ్గర. మేనేజర్ తప్పొప్పులకి పాయింట్ల పట్టిక ఉంటుంది. ఆడనివ్వనివాడి ఇన్నింగ్సుకి ఏ పట్టికా లేదు. మాంచెస్టర్ సెమీఫైనల్లో మనవాళ్లు 5 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుని, చివరికి 18 పరుగులతో ఓడారు. రాయుడుంటేనా అన్నారు. ఉంటే ఏమయ్యేదో ప్రసాదూ చెప్పలేడు, రాయుడూ చెప్పలేడు. రాయుడైతే అప్పటికే, జులై 3న, రిటైరవుతున్నానని రాసేశాడు. ఆగస్టులో వెనక్కి తీసుకున్నాడనుకోండి. ఖమ్మంలో ఆ రోజు మేం గెలిచాం. బౌలింగ్ చేస్తాడని తీసుకున్నవాడికి ఒక్క ఓవర్ కూడా ఇవ్వలేదు. నా నిర్ణయం ఒప్పయినట్టా, తప్పయినట్టా?

బెంచీ మీద కూర్చున్నవాడికి బెంచీ బాధ తెలుస్తుంది, అదే నా అర్హత అనుకునేవాణ్ణి. అది అబద్ధం. నిజానికి వాణ్ణి తీసేద్దామని రెండ్రోజుల ముందే అనుకున్నాను. వాడి మొహం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు గనకే వాయిదా వేశాను. బాధ తెలియడం నన్ను మెత్తబరచలేదు, పిరికివాణ్ణి చేసింది.

మొన్న ఓ పెళ్లిలో వాడు కలిశాడు. ఇద్దరు పిల్లలు, ఎరువుల కొట్టు. నవ్వుతూ తనే ఎత్తాడు. అడిగాను, "ఆ రోజు ఏం చెప్తే నీకు కోపం వచ్చేది కాదురా?"

"ఏం చెప్పినా వచ్చేదేలే అన్నా," అన్నాడు వడియాలు కరకరలాడిస్తూ. "కానీ ముందు రాత్రి చెప్పాల్సింది. మా నాన్న టిఫిన్ కట్టించి, బస్టాండుకి నన్ను బండి మీద దింపిపోయాడు. ఆ టిఫిన్ పట్టుకుని ఇంటికి పోలేక రిజర్వాయర్ కట్ట మీద కూచుని తిన్నా, సాయంత్రం దాకా."