లెక్కించుటలో రెండు విధాలు



మన సంఘాలలో ఒక మాట తరచు వినబడుతుంది. "ఆయన జీతం లేకుండా చేస్తున్నాడు, ఆయన పనిని తూచడానికి మనమెవరం?" అని. ఆ మాటలో మర్యాద ఉంది. న్యాయం ఉన్నదా అని ఆలోచించవలసి ఉంది.

మేమును ఆ మాట అన్నవారమే. ముందుగా మా తప్పు చెప్పుకుంటాము. మన పిల్లలు ఇక్కడి భాషలో చదువుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని బైబిలు చదవలేరు. అందుకని మా సంఘంలో సాయంకాలపు తెలుగు బడి పెట్టాము. మూడేళ్ళపాటు వార్షిక నివేదికలో "నలభైమంది పిల్లలు" అని చదివి సంతోషించాము. ఉపాధ్యాయ శిక్షణలో హాజరుపట్టీ ఎందుకో నేర్చుకున్న మేమే ఆ పట్టీ తెరవలేదు. తెరిచిన నాడు చూస్తే వస్తున్నవారు పదిహేడుగురు. తడబడకుండా ఒక పేరా చదవగలవారు ఆరుగురు.

ఎవరూ మోసం చేయలేదు. బోధించే సహోదరి ఒక్క దినమైనా మానలేదు. మేము అడిగితే నొచ్చుకుంటుందని భయపడ్డాము. ఆమె కంటతడి పెట్టి, "మూడేళ్ళలో పెద్దలు ఒక్కరైనా వచ్చి చూడలేదు" అన్నది. మేము గౌరవమని తలచినది ఆమెకు నిర్లక్ష్యంగా తోచింది.

మానేసిన పిల్లల ఇండ్లకు వెళ్ళాము. ఆ వేళకే వీధి కుళాయికి నీళ్ళు వస్తాయని, ఆడపిల్లలు బిందెలతో వరుసలో ఉంటారని తెలిసింది. బడిని ఒక గంట వెనుకకు జరిపాము. తొమ్మిదిమంది తిరిగి వచ్చారు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

"జనసంఖ్య లెక్కించినందుకే గదా దావీదు దోషియయ్యాడు?" అని ఒక పెద్ద మమ్మును అడిగారు. మంచి ప్రశ్నే. అయితే నూరు గొర్రెల కాపరి కూడా లెక్కించాడు. లెక్కించకపోతే ఒకటి తప్పిపోయినదని అతనికెలా తెలుస్తుంది? ఎంతమంది ఉన్నారో చెప్పుకోవడానికి లెక్కించడం ఒకటి, ఎవరు లేరో తెలుసుకోవడానికి లెక్కించడం ఒకటి. మన నివేదికలు మొదటి విధంగానే వ్రాస్తున్నాము.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దానికి ముందు జరిగినది మరచిపోతాము. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని, కూలి ఇచ్చారు. సహాయం అందుతున్న ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపారు, అన్నం కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని. సంఖ్య పెంచుకునే అవకాశం చేతిలో ఉండగా ఆయన నాణ్యత చూశారు.

ఇంకొక మాట. అంగడిలో సరుకు బాగుండకపోతే కొనేవాడు వేరే అంగడికి పోతాడు. ఉచితంగా పొందే పేదవానికి వేరే అంగడి లేదు, ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. కాబట్టి ఉచిత సేవనే మరింత జాగ్రత్తగా పరీక్షించాలి.

అన్నిటినీ అంకెలతో తూచగలమని మేము అనము. చావు ఇంట రాత్రంతా కూర్చున్న సహోదరుని సేవకు ఏ పట్టీ ఉన్నది? అక్కడ ఆ ఇంటివారినే ప్రేమతో అడగాలి. ఇక చట్టం విషయం. కర్ణాటకలో 1960 చట్టమైనా, తమిళనాడులో 1975 చట్టమైనా నమోదైన సొసైటీని ఏటా లెక్కలు అడుగుతుంది. రాని పిల్ల ఎక్కడున్నదని మాత్రం అడగదు. అది మనమే అడగాలి.

ఈసారి సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివాక మూడు ప్రశ్నలు వేసుకుందాము. ఎవరు రావడం మానేశారు? వచ్చినవారు ఏమి పొందారు? పని చేసేవారికి మన నుండి ఏమి కావాలి? మూడవ ప్రశ్న మరచిపోతే మొదటి రెండూ నేరవిచారణ అవుతాయి.

మా బడిలో ఇంకా పద్నాలుగుమంది తిరిగి రాలేదు. వారి పేర్లు వ్రాసిన కాగితం మా బైబిలులో ఉంచుకున్నాము.