దరఖాస్తు నింపకముందే

నేటి వాక్యభాగం: దానియేలు 1:3–17

అమెరికాలో ఆగస్టున మొదలయ్యే ఎం.ఎస్. చదువుకు చాలా విశ్వవిద్యాలయాల్లో దరఖాస్తు గడువు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తుంది. సెమీ క్రిస్మస్ కూడికలు, వాచ్‌నైట్ ఆరాధనల మధ్యే మన పిల్లలు ఎస్‌ఓపీలు (దరఖాస్తుతో పంపే స్వీయ పరిచయ వ్యాసాలు) దిద్దుకుంటూ, సిఫారసు లేఖల కోసం ప్రొఫెసర్ల గదుల ముందు నిలబడుతుంటారు. సీటు రావాలి, వీసా రావాలి అనే ప్రార్థన మనవులు ప్రతి సంఘంలోనూ వినిపిస్తాయి. ఆ మనవులు న్యాయమైనవే. వాటికంటే ముందు చేయవలసిన మనవి ఒకటుంది.

దానియేలు తన చదువును కోరుకొని వెళ్ళలేదు, చెరపట్టి తీసుకెళ్ళారు. బబులోనులో మూడేళ్ళ శిక్షణ. కల్దీయుల భాష, వాళ్ళ గ్రంథాలు, రాజు ఖర్చుతో భోజనం. పేరు కూడా మార్చేశారు. అయినా అతడు చదువు మాత్రం వద్దనలేదు. విగ్రహాల దేశంలో పుట్టిన విద్య అని పక్కన పెట్టలేదు. ఆ విద్యలో అతనికీ అతని ముగ్గురు స్నేహితులకూ ప్రావీణ్యం ఇచ్చింది దేవుడేనని 17వ వచనం చెబుతోంది. పైచదువులు లోకసంబంధమైనవని చిన్నచూపు చూసే పెద్దలు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

అయితే 17వ వచనం కంటే ముందు 8వ వచనం ఉంది. రాజు బల్ల మీది భోజనం ముట్టకూడదని దానియేలు మనసులో ముందే నిశ్చయించుకున్నాడు. ఎవరి మీదా తిరగబడలేదు. అధికారిని వినయంగా అడిగాడు. ఆయన రాజుకు భయపడితే, తమను చూసుకునే మనిషి దగ్గరికి వెళ్ళి, పది రోజులు పరీక్షించి చూడమని వేడుకున్నాడు.

తమ్ముడూ, చెల్లీ, ఆ రాజు బల్ల నీ ముందుకూ వస్తుంది. కన్సల్టెన్సీ వాళ్ళు ఎస్‌ఓపీ తామే రాసిపెడతామంటారు. నువ్వు చేయని ప్రాజెక్టు, నీకు లేని అనుభవం అందులో నీ పేరుతో ఉంటాయి. వీసా కోసం ఖాతాలో కొద్దిరోజులు డబ్బు వేసి చూపించి, మళ్ళీ తీసేసుకునేవాళ్ళూ ఉన్నారు. "అందరూ చేసేదేగా" అంటారు. అక్కడికి చేరాక ఇంకొకటి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అనుమతి లేకుండా బయట పని అసలే కుదరదు. ఊళ్ళో నాన్న పొలమో ఇల్లో తాకట్టులో ఉన్నప్పుడు, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టుకు రమ్మనే పిలుపును కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఒత్తిడిని తేలిగ్గా తీసిపారేసే మాట ఒక్కటి కూడా అనలేను.

అందుకే లెక్క ఇక్కడే వేసుకో. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువు చెప్పిన సంగతి లూకా 14లో ఉంది. ఫీజు, అద్దె, వడ్డీ ఒక కాగితం మీద రాసి, అమ్మానాన్నల దగ్గర కూర్చుని మాట్లాడటం కూడా ప్రార్థనలో భాగమే. లెక్క కుదరకపోతే ఉస్మానియాలోనో ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనో పీజీ చేయడం తక్కువ పిలుపు అనుకోకు. గేట్ స్కోరుతో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు రూ. 12,400 ఉపకార వేతనం కూడా వస్తుంది.

ప్రార్థన: ప్రభువా, ఈ రాత్రి దరఖాస్తు పంపబోయే బిడ్డను నీ చేతికి అప్పగిస్తున్నాం. అందులోని ప్రతి మాటా నిజమై ఉండేలా ధైర్యమివ్వు. అప్పు కాగితాల మీద సంతకం పెడుతున్న తండ్రిని జ్ఞాపకం చేసుకో. సీటు రాలేదన్న కబురు అందిన ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించుకోకుండా కాపాడు. పరాయి దేశంలో మొదటి ఆదివారం ఒంటరిగా ఉన్నవాళ్ళకు ఒక మందిరం, ఒక స్నేహితుడు దొరికేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.