జేజినాయన రాయొద్దన్న మాట

మా జేజినాయన బర్మా యుద్ధానికి పోయొచ్చినాడు. ఈ మాట బళ్లో పిల్లోళ్లకు చెప్పినా, యూనియన్ మీటింగులో చెప్పినా మొదట అడిగేది ఒకటే: "ఎంతమందిని చంపినాడు సార్?"

ఎవర్నీ చంపలేదు. ఆయన చేతికి తుపాకి ఇచ్చింది తక్కువ, పార ఇచ్చింది ఎక్కువ. తన పటాలాన్ని 'పయినీరు' అనేవాడు. ఇండియన్ పయనీర్ కోర్. రోడ్లేయడం, విమానాలు దిగే మైదానాలు చదును చేయడం, సరుకు దించడం, మందుగుండు పెట్టెలు మోయడం, చచ్చినోళ్లను పూడ్చడం. మాలపల్లెలో మా తాతముత్తాతలు చేసిన పనే. కాకపోతే ఖాకీ గుడ్డలిచ్చి, బూట్లిచ్చి, నెలనెలా జీతమిచ్చి చేయించుకున్నారు.

మద్రాసు పటాలాల్లో ఒకప్పుడు మాలోళ్లు, పరయోళ్లు తుపాకి పట్టిన సిపాయిలే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తెల్లోడు 'వీరజాతులు' అనే లెక్క ఒకటి తెచ్చినాడు. వాయవ్యం వైపు కులాలు యుద్ధానికి, మిగతావి మోతకు. అంబేడ్కర్ నాయన రాంజీ సక్పాల్ సుబేదారుగా పనిచేసినాడు. అట్లాంటి మహార్లకే 1890ల్లో పటాలం తలుపు మూసేసినారు. మళ్లీ 1941లో బెల్గాంలో మహార్ రెజిమెంటు పెట్టేదాకా అంబేడ్కర్ అడుగుతానే ఉన్నాడు. చమార్ రెజిమెంటును 1943లో పెట్టినారు, యుద్ధం అయిపోతానే 1946లో ఎత్తేసినారు. 1942లో జపానోడు సింగపూరూ, రంగమూ పట్టుకున్నాక అన్ని కులాలూ వీరజాతులే అయిపోయినాయి. యుద్ధం ముగిసేసరికి ఇండియా సైన్యం పాతిక లక్షలు. చచ్చిపోయినోళ్లు 87 వేలకు పైనే.

"ఎందుకు పోయినావు జేజినాయనా?" అని అడిగితే, "సంగటికి రా అబ్బీ" అన్నాడు. అంతే. రాజు కోసమూ కాదు, దేశం కోసమూ కాదు. కొండాపురం స్టేషన్లో మద్రాసు బండి ఎక్కడమే ఆయన మొదటిసారి రైలెక్కడం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 2003లో, ఆయన చెప్పేదంతా ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టినా. ఆ ఏడే ట్రంకు పెట్టెలోంచి డిశ్చార్జి కాయితం తీసి నా చేతికిచ్చినాడు. 1946 నుంచి అది పెట్టెలోనే ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగిన మొదటి మనిషిని నేనే. "ఏం రాసినారు రా?" అన్నాడు. పేరు, ఊరు, పని, నడవడి. నడవడి దగ్గర 'చాలా మంచిది' అని ఉంది. రెండోసారి చదివించుకున్నాడు. యాభై ఏడేండ్లు తన గురించి ఎవరో మంచిగా రాసిన కాయితాన్ని, ఏం రాసినారో తెలియకుండా దాచుకున్నాడు ఆ మనిషి.

రాత్రి పూట నులక మంచం మీద కూర్చొని చెప్పేవాడు. ఇంఫాల్ దారిలో ఆగని వానలు, జలగలు, బురదలో దిగబడిపోయే కంచరగాడిదలు. మలేరియాకు పచ్చ మాత్రలు మింగి మింగి ఒళ్లంతా పచ్చగా మారిపోయిందంట. ఒకే డేగిసాలోది తినడం గురించి మాత్రం ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు. పక్కన గోదావరి వైపు పెద్దకులమోడు, ఇంకోపక్క సాయిబు, నడమ తాను. "వాని చెంబుతో నేను తాగినా, నా చెంబుతో వాడు తాగినాడు. ఎవరూ చావలేదు" అనేవాడు. శవాలు పూడ్చే పని గురించి అడిగితే ఒక్క మాట చెప్పినాడు: "మనోళ్లకొక గుంత, జపానోళ్లకొక గుంత. ఆడ కూడా శ్మశానాలు రెండే."

బూట్ల సంగతి ఆయన చెప్పలేదు. జేజి చెప్పింది.

1946లో ఎండాకాలం. మూడేండ్ల తర్వాత మొగుడు వస్తాంటే మాలపల్లె మొగదల వేపచెట్టు కింద నిలబడి చూసిందంట. కొండాపురంలో రైలు దిగి, నెత్తిన ట్రంకు పెట్టెతో నడుచుకుంటా వచ్చినాడు. మా పల్లెకు రావాలంటే ఊరి నడివీధి దాటాల. ఊరు మొదలయ్యే కాడ మోరీ మీద పెట్టె దించి, కూర్చొని, బూట్లు విప్పినాడు. రెంటినీ తాడుతో ముడేసి చేతిలో పట్టుకొని, ఒట్టికాళ్లతో వీధి దాటి వచ్చినాడు. విప్పమని ఎవరూ చెప్పలేదు. మిట్టమధ్యాన్నం, వీధిలో మనిషే లేడంట. "ఎవరూ లేనప్పుడు ఎందుకు విప్పినావు?" అని జేజి ఆ రాత్రి అడిగితే పక్కకు తిరిగి పండుకున్నాడంట.

ఆ బూట్లు మళ్లీ వేసుకోలేదు. ఒక పెద్ద రైతు బావికాడ కపిల బాన చినిగితే, దానికి మాసికలేయడానికి ఆ తోలు పోయింది. నన్నడిగితే జమ్మలమడుగులో అమ్మినానని చెప్పినాడు.

నేను బూట్ల సంగతి నోటుబుక్కులో ఎక్కించినట్టు ఎట్లనో తెలిసింది ఆయనకు. పిలిచి అన్నాడు: "యుద్ధం రాసుకో. ఇది మాత్రం రాయొద్దురా. రేపు నీ పిల్లోళ్లు చదువుతారు." ఆ పేజీ చించేసినా. 2004లో ఆయన పోయినాడు.

ఇరవై ఏండ్లకు పైగా ఆ మాట నిలబెట్టుకుంటా వచ్చినా. ఇప్పుడు తప్పుతాండా. నాకు ఆ హక్కు ఉందా అనేదే అసలు ప్రశ్న. మన ఉద్యమాల్లో దీనికి తేలికైన జవాబు ఒకటుంది: ఆ సిగ్గు ఆయనది కాదు, ఊరిది, కాబట్టి దాచిపెడితే ఊరి పరువును కాపాడినట్టే. నేనూ చాన్నాళ్లు ఇట్లే వాదించినా. కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. తనను ఎట్లా గుర్తుపెట్టుకోవాలో చెప్పే అధికారం ఆయనకు బతుకంతా ఎవరూ ఇవ్వలేదు. పేరు వాళ్లే పెట్టి పిలిచినారు, వయసు వాళ్లే రాసినారు. ఆయన ఒక్కసారి, ఒక్క మనిషిని, ఒక్క మాట అడిగినాడు. ఆ మనిషిని నేను. మాట మీరితే నేనూ ఆ వరసలోనే నిలబడతానేమో.

2022 ఆగస్టులో, డెబ్బై అయిదేండ్ల పండగకు, బళ్లో మా జేజినాయన గురించి మాట్లాడమన్నారు. మాట్లాడినా. ఇంఫాల్, వానలు, పచ్చ మాత్రలు, డేగిసా. పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు. ఒక సారు "దేశభక్తి మీ రక్తంలోనే ఉండాది" అన్నాడు. నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. అయినా అంతా కలిపితే అబద్ధమే అయింది. బర్మా నుంచి ఆయన నేరుగా ఆ చప్పట్లలోకి నడిచొచ్చినట్టు చెప్పినా. నడుమ ఆ మోరీ లేదు.

దీనికి ఎదురుగా ఇంకో వాదన ఉంది. ప్రొద్దుటూరు మిత్రుడొకాయన అంటాడు, తెల్లోని కూలికి పోయినోణ్ని తలుచుకోవడమెందుకని. ఆయనకు కోరేగావు గుర్తుచేసినా. 1818 జనవరి 1 నాటి ఆ యుద్ధం కంపెనీ యుద్ధమే. ఆ స్తంభం పెట్టిందీ కంపెనీయే. అయినా దాని మీద 22 మంది మహార్ల పేర్లున్నాయి కాబట్టే 1927 జనవరి 1న అంబేడ్కర్ పోయి దాని ముందర నిలబడినాడు. రంగం దగ్గర తౌక్యాన్‌లో, సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు రాతిమీద చెక్కి ఉండాయి. చచ్చినోళ్లకు ఆ రాయన్నా ఉంది. బతికొచ్చి ఒట్టికాళ్లతో ఊరు దాటినోళ్లకు ఏముంది? జేజి ఉండింది. ఆమె కూడా పోయింది.

ఆ మోరీ కూడా ఇప్పుడు లేదు. 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు నింపడానికి కొండాపురం మండలంలో ఊర్లు ఒకటొకటిగా నీళ్లలోకి పోయినాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరోళ్లు ఇండ్లు ఖాళీ చేయమంటే ఎదురుతిరగడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. మా ఊరూ అట్లే పోయింది. లెక్కగట్టేటప్పుడు గోడలు కొలిచినారు, చెట్లు ఎంచినారు. ఊరి నడివీధి, వేపచెట్టు, మోరీ అన్నీ ఒకే నీళ్ల కింద. ఇంక చూపించడానికి చోటు కూడా లేదు, నేను రాస్తేనే ఉంటాది. అందుకనే రాసినా. జేజినాయన ఒప్పుకుంటాడని మాత్రం చెప్పలేను. ఒప్పుకోడనే నాకనిపిస్తాది.

అచ్చుకు ఇచ్చే ముందు నాయనకు చదివి వినిపించినా. ఆయన బడిమెట్లు ఎక్కలేదు. చివరిదాకా విని, చానాసేపు ఊరకుండి అన్నాడు: "మా నాయన బూట్లు విప్పింది నాకు తెల్సు. నువ్వు పుట్టకముందే తెల్సు. రాస్తే రాయి. ఊరి పేరు మాత్రం ఎయ్యొద్దు. కొత్త కాలనీలో గూడా వాళ్ల ఇండ్ల ముందర నుంచే కదా నేను నీళ్లకు పోవాల్సింది."

ఆయన మాట ప్రకారం ఊరి పేరు తీసేసినా.